ముక్కుకు తగ్గ దూరం

ఆ ఉదయం కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. హెడ్‌మిస్ట్రెస్ గారు వస్తారు, కొత్త లెన్సుతో ఒక్క ఫోటో తీయాలి, అది చూసి మామగారు నోరు మూసుకోవాలి.

స్టూడియో మామగారిది. కెమెరా కోడలి చేతికి ఇచ్చారు గానీ పెత్తనం ఇవ్వలేదు. ఒళ్లు విరుచుకుంటే రెండు గోడలూ తగిలే గది కాబట్టి, దగ్గర నుంచి తీసే పాత లెన్సే చాలని ఆయన వాదన. కిందటేడు దానితో తీసిన ఫోటో చూసి హెడ్‌మిస్ట్రెస్ గారు, "నా ముక్కు వచ్చేసింది, నేనెప్పుడొస్తాను?" అని అడిగి లేచి వెళ్లిపోయారు. మొహం ఉన్నది ఉన్నట్టు పడాలంటే దూరం నుంచి తీసే లెన్సే కావాలని కోడలు పట్టుబట్టి తెచ్చుకుంది.

"ఫోటో చెడిందో, సాయంత్రం నేనే తీసుకెళ్లి కొట్లో వాపసు ఇచ్చేస్తా," అన్నారు మామగారు.

"అలాగే మామయ్యగారూ. కెమెరా కూడా మీరే పట్టుకోండి. ముక్కులు పెంచే పని నావల్ల కాదు."

హెడ్‌మిస్ట్రెస్ గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. స్కూలు హాల్లో పెట్టే ఫోటో, నడుము దాకా పడాలి. కోడలు తన వెనకున్న వీధి తలుపుకి అతుక్కుపోయి చూసినా కనుబొమల నుంచి గడ్డం వరకే పడింది. మామగారు దగ్గారు. ఆ దగ్గుకి ఆమెకు ఒళ్లు మండింది. తలుపు బార్లా తీసి, వెనక్కి నడుస్తూ కాంప్లెక్స్ వరండాలోకి వెళ్లింది.

అక్కడ దుకాణాలకు వచ్చేవాళ్లు అడ్డం వస్తున్నారు. "ఎవరూ కదలకండి!" అని అరిచింది. అందరూ ఆగారు. వాళ్లని చూసి వెనకవాళ్లు ఆగారు. ఏం జరిగిందో ఎవరికీ తెలియకపోయినా, ఏదో ఘోరం జరిగిందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. వాచ్‌మన్ పరుగున వచ్చి అడ్డంగా తాడు కట్టేశాడు.

"అమ్మాయ్, పరువు పోతోంది, లోపలికి రా!" అని కేకేశారు మామగారు.

"రాను. ఇంకా వెనక్కే పోతా."

వరండాకి అవతల, స్టూడియోకి సరిగ్గా ఎదురుగా ఉన్నది సెలూన్. ఆమె అందులోకీ వెళ్లి చివరి గోడకు ఆనుకుంది. రెండు తలుపుల్లోంచీ మేడమ్ ఇప్పుడు నిండుగా కనిపించారు. మొహం మాత్రం పరీక్ష హాల్లో ఉన్నంత బిగుసుకుని ఉంది.

"తల కాస్త ఎడమకి తిప్పండి!"

మేడమ్‌కి వినబడలేదు. పక్క కుర్చీలో కళ్లు మూసుకుని మిషన్‌తో మీసం కత్తిరింపించుకుంటున్న పెద్దాయన చటుక్కున తిప్పాడు. ఆయన హెడ్‌మిస్ట్రెస్ గారి భర్త. ఆడగొంతు గట్టిగా ఏం చెప్పినా చేసెయ్యడం ఆయనకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. మిషన్ ఆగేలోపు సగం మీసం నేల మీద పడింది.

ఆయన మెడలో గుడ్డతోనే ఉరికి స్టూడియో గుమ్మం పక్కన నిలబడ్డాడు. "ఏం చేశారో చూశావా!"

హెడ్‌మిస్ట్రెస్ గారు చూశారు. స్కూల్లో ఎవరూ ఎన్నడూ చూడని నవ్వు తన్నుకొచ్చింది. కోడలు నొక్కింది.

మామగారు కెమెరాలో ఫోటో చూసి దగ్గబోయి మానుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ గారు చాలాసేపు చూసుకుని, "ఇది నా ముక్కే," అన్నారు మెల్లగా. కోడలికి ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది.

"మా టీచర్లందరినీ పంపిస్తా. ఇలాగే తియ్యాలి."

"నాకూ ఒకటి తియ్యమ్మా," అన్నాడు భర్త. "మీసం ఉన్న వైపు నుంచి."

సాయంత్రం మామగారు లెన్సు వాపసు ఇవ్వడానికి వెళ్లలేదు. సెలూన్ ఎప్పుడు ఖాళీ చేస్తారో కనుక్కోవడానికి వెళ్లారు.