ఆకులు తొడిగిన ఫిరంగి

ఆ రోజు పొద్దున్న బుజ్జిబాబు పెట్టుకున్న పని ఒక్కటే. కడియంలోని తన నర్సరీలో కాలవగట్టు పక్కన గొయ్యి తవ్వించి పశువుల ఎరువు నింపించడం. టిఫిను వేళకి అయిపోతుందనుకున్నాడు. మేస్త్రీ వీరబాబు గునపం రెండోసారి దింపేసరికి ఖంగుమంది.

మట్టి తీసి చూస్తే ఫిరంగి. నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చేంత పొడవున, నల్లగా, నిక్షేపంగా ఉంది.

ఎప్పుడో చందుర్తి యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడి రాజమండ్రి వైపు పరుగెత్తిన ఫ్రెంచివాళ్లు దారిలో ఫిరంగులు పూడ్చేశారని అక్కడి ముసలాళ్లు చెప్పుకుంటారు. ఎక్కడ పూడ్చారంటే మాత్రం ఎవరి ఊరి పేరు వాళ్లు చెబుతారు. ఆ ఘనత తన రెండెకరాలకే దక్కేసరికి బుజ్జిబాబు గుండె జారిపోయింది. అతని మేనమామ పొలంలో రాతివిగ్రహం బయటపడితే సర్కారువాళ్లు వచ్చి కంచె వేసేశారు. పాపం ఆయన సొంత గేదెని సొంత పొలంలో మేపుకోవడానికి ఇప్పటికీ అనుమతి అడుగుతూనే ఉన్నాడు.

"అమ్మవారే వెలిసిందండి. పసుపు రాసి దీపం పెడదాం," అంది భార్య సూర్యకళ, అప్పటికే గిన్నె పట్టుకొచ్చి.

"పెట్టు. రేపు ఊరంతా వస్తారు, ఎల్లుండి గుడి కడతారు. మొక్కలెక్కడ పెంచుకోవాలి, నా నెత్తి మీదా?"

అటు సర్కారు, ఇటు అమ్మవారు. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఆ గొయ్యి కూడా తనే తవ్వించుకున్నాడు.

కడియంలో పుట్టినవాడికి కష్టమొస్తే ఏం తోస్తుంది? మొక్కే తోస్తుంది. బాటిల్ పామ్ అని ఒక చెట్టుంది. అడుగున బానపొట్ట, పైకి పోనుపోను సన్నం. ఫిరంగిదీ అచ్చం అదే వాటం. చెట్లెత్తే క్రేనుతో దాన్ని నిలబెట్టించి, అడుగున మట్టిముద్ద కట్టించి, ఒళ్లంతా తడి గోనెపట్టా చుట్టించి, గొట్టంలో నాలుగు పచ్చి మట్టలు దోపించాడు. మిగతా పామ్‌ల వరసలో నిలబెడితే పోతపోసినవాడొచ్చినా గుర్తుపట్టడు.

చేతులు కడుక్కుంటుండగా గేటు ముందు జీపు ఆగింది. దాని మీద 'పురావస్తు శాఖ' అని చదివి బుజ్జిబాబుకి పైప్రాణాలు పైనే పోయాయి.

జీపు దిగిన అధికారి భీమరాజు గారు నవ్వుతూ వచ్చారు. "మీ దగ్గరున్నాయని విన్నామండి."

"ఎవరు చెప్పారండి? ఏం లేవండి."

"భలేవారండి. పొట్టిగా, లావుగా ఉంటాయట కదా. పాతవైతే మరీ మంచిది. నాలుగు కావాలి."

"నాలుగా? దొరికింది ఒక్కటే..." బుజ్జిబాబు నాలిక కరుచుకున్నాడు.

"ఎదురుగా అంత వరస కనిపిస్తుంటే ఒక్కటేంటండి? బాటిల్ పామ్‌లండి, మా మ్యూజియం గేటు దగ్గర పెట్టడానికి."

పోయిన ప్రాణం లేచొచ్చింది. అది కుదురుకునేలోపే భీమరాజు గారు మూడు చెట్లు ఏరి, నాలుగోదిగా గోనె చుట్టినదాని మీద చెయ్యి వేశారు.

"అది వద్దండి, జబ్బు చేసింది."

"ఇంత గట్టి మానుకి జబ్బేంటండి?"

"ముసలిదండి. ఇక ఎదగదు."

"మాక్కావల్సిందీ అదే. పైన కరెంటు తీగలున్నాయి."

ఇంకో అబద్ధం కోసం తడుముకుంటుంటే బుజ్జిబాబుకి బుర్రలో దీపం వెలిగింది. పోయేది ఫిరంగి, మిగిలేది నేల. తను వద్దంటాడేంటి?

"మీ ఇష్టం, తీసుకెళ్లండి. గోనె మాత్రం ఎప్పుడూ విప్పకండి. దీనికి ఎండ పడదు."

లారీకెత్తుతుంటే క్రేను మూలిగింది. "వేళ్లు బాగా పట్టాయి," అని మెచ్చుకున్నారు భీమరాజు గారు. వీరబాబు నవ్వాపుకోలేక ఎరువుగుట్ట వెనక్కి పోయాడు. లారీ మలుపు తిరగ్గానే బుజ్జిబాబు సూర్యకళ చేత పూర్ణాలు వండించుకుని తిన్నాడు. జన్మలో అంత సంతోషం ఎరగడు.

నెల తిరక్కుండానే భీమరాజు గారు ఫోన్ చేశారు.

"మూడూ కొత్త మొవ్వు వేశాయండి. నాలుగోది ఉన్న మట్టలు కూడా రాల్చేసింది. నేను చందుర్తి ఫిరంగుల కోసం కాలవలన్నీ గాలిస్తూ దాన్ని సరిగా చూసుకోలేదు. చచ్చిన మొక్కకి మీ ఊళ్లో మారుమొక్క ఇస్తారట కదా. దాన్ని పెకిలించి రేపు మీ నర్సరీకే పంపిస్తున్నాను."

బుజ్జిబాబు కూర్చున్నచోటు నుంచి లేచిపోయాడు. "కదపకండి, మీకు దణ్ణం పెడతాను. రెండు మారుమొక్కలు ఊరికే పంపిస్తాను. దాన్ని మాత్రం అక్కడే ఉండనివ్వండి."

"సరే, పోనీ రోజూ నీళ్లు పోయించమంటారా?"

"వద్దండి," అన్నాడు బుజ్జిబాబు, "తుప్పు పడుతుంది."