మూడు ఫోన్లూ, సగటు దారీ

రంగుల ఫ్యాక్టరీలో అతన్ని అందరూ సగటు సారు అంటారు. డబ్బాలో రంగు చిక్కదనం చూడాలంటే ఒక్క కొలతను నమ్మడు. మూడుసార్లు కొలిచి, కూడి, మూడుతో భాగించి, వచ్చిన అంకె కింద సంతకం పెడతాడు. ఫ్యాక్టరీలో ఆ పద్ధతికి మంచి పేరే ఉంది. ఇంట్లో మాత్రం కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడమంటే మూడో గరిటె దగ్గర భార్య గిన్నె లాగేసుకుంటుంది.

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. భార్యను పదింటికల్లా పార్శిల్ కంపెనీలో దింపాలి. పిల్లాడు పుట్టాక ఉద్యోగం మానేసిన ఆమెకు ఇన్నేళ్ళకు వచ్చిన ఇంటర్వ్యూ అది. ఏ బండి ఏ దారిన వెళ్ళాలో చూసే ఉద్యోగం. ఇది కూడా చేజారితే ఇంకెవరూ పిలవరని ఆమె భయం. పైగా ఆ కంపెనీ కొత్త భవనానికి మారి వారమే అయింది.

"అడుగుతూ వెళ్దామండీ," అంది.

"ఈ కాలంలో మనుషుల్ని అడుగుతారా ఎవరైనా?" అంటూ సగటు సారు స్టీరింగు ముందు మూడు ఫోన్లు వరసగా నిలబెట్టాడు. తనదొకటి, భార్యదొకటి, తన తల్లిని బతిమాలి తెచ్చింది మరొకటి. మూడింటిలోనూ దారి చూపే యాప్‌లు, మూడు రకాలవి. "ఏది మంచిదో ఇవాళ్టితో తేలిపోవాలి."

"ఇవాళేనా తేలాల్సింది?"

ఆ ప్రశ్న శాస్త్రీయంగా లేదు కనుక అతను కారు స్టార్ట్ చేశాడు.

మొదటి సిగ్నల్ దగ్గర పక్కనే ఒక బూడిదరంగు కారు ఆగింది. లోపలి కళ్ళజోడు పెద్దమనిషి అద్దం దించాడు.

"ఏమండీ, నా ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. పార్శిల్ కంపెనీ కొత్త ఆఫీసు ఎటో తెలుసా?"

"మేమూ అక్కడికేనండీ! నా వెనకే వచ్చేయండి. మా దగ్గర మూడున్నాయి."

మూడు ఫోన్లనూ చూసి పెద్దమనిషి నిశ్చింతగా తలూపాడు, పాపం.

పచ్చ లైటు వెలిగింది. మొదటి ఫోన్ ఎడమకు తిరగమంది. రెండోది కుడికి తిరగమంది. అంతలో కాల్ వచ్చి మూడోదానిలోంచి అతని పిన్ని మాట్లాడింది.

"అక్కా, మొన్న కొన్న దుప్పటి రంగంతా వెలిసిపోయిందే!"

"పిన్నీ, పెట్టేయ్!"

"నువ్వట్రా? అమ్మకివ్వు."

వెనక హారన్లు మోగుతున్నాయి. సగటు సారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని లెక్క వేశాడు. "ఎడమ, కుడి. సగటు తీస్తే నేరుగా!"

"దారికి సగటేమిటండీ!"

నేరుగా వెళితే కార్లు కడిగే షెడ్డు వచ్చింది. పొద్దున్నుంచీ బేరం లేక ఈగలు తోలుకుంటున్నవాడికి రెండు కార్లు ఒకేసారి కనబడేసరికి ఆనందం పట్టలేదు. అడక్కుండానే పైపు తిప్పాడు. భార్య వైపు అద్దం దించి ఉంది. ఆమె చీర, ఒళ్ళో ఉన్న సర్టిఫికెట్లు, వెనక కారులో పెద్దమనిషి చొక్కా, అన్నీ శుభ్రపడ్డాయి.

తుడుచుకుంటూ వెనక్కి తిరిగారు. ఈసారి పిన్ని లేదు కానీ మూడో ఫోన్ పాత ఆఫీసుకు దారి చూపింది. దాన్ని పక్కన పెడితే కొలతలు రెండే మిగులుతాయి, అది సగటు సారు మనస్సాక్షి ఒప్పుకోని పని. కొంత పాతవైపు, కొంత కొత్తవైపు నడిపి, చివరికి రెండు కార్లనూ ఒక గోడౌన్ గేటు ముందు నిలబెట్టాడు. అక్కడితో రోడ్డు అయిపోయింది.

భార్య తలుపు తీసింది. దిగి, గేటు దగ్గరున్న వాచ్‌మన్‌ని అడిగింది.

"ఈ గోడ వెనకాలేనమ్మా. ఆ సందులోంచి పోతే వచ్చేస్తుంది. కారు పట్టదు."

"అతనిది ఒక్క కొలతే! నమ్మకు!" అని సగటు సారు కారులోంచి అరిచేలోపు ఆమె సందు మలుపు తిరిగిపోయింది.

పది కొట్టకముందే ఆఫీసులో ఉంది. "కూర్చోండి మేడమ్, మేనేజర్ గారు ఇంకా రాలేదు," అంది ముందుగదిలో ఉన్న అమ్మాయి. ఆమె కూర్చుని, తడి సర్టిఫికెట్లను ఫ్యాను కింద ఆరబెట్టుకుంది.

పదకొండు దాటాక తళతళలాడుతూ రెండు కార్లు వచ్చి ఆగాయి. రెండోదానిలోంచి తడి చొక్కాతో దిగిన కళ్ళజోడు పెద్దమనిషిని చూసి ముందుగది అమ్మాయి లేచి నిలబడింది. "గుడ్ మార్నింగ్ మేనేజర్ గారూ!"

సగటు సారు భార్య గబగబా కాగితాలు పోగుచేసుకుంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది.

ఆయన ఆమెను గుర్తుపట్టాడు. "మీరు ఆ కారులో ఉండాలి కదా? ఎలా వచ్చారు?"

"దిగి, అడిగానండీ."

ఆయన చాలాసేపు చొక్కా పిండుకున్నాడు. "రేపట్నుంచి వచ్చేయండి. ఫోన్ చూసుకుంటూ తిరిగేవాళ్ళు మా దగ్గర చాలామందే ఉన్నారు, నాతో సహా. వారం నుంచీ వస్తున్నా ఫోన్ లేకపోతే నాకు సొంత ఆఫీసుకే దారి తెలీదు."

బయటికి రాగానే సగటు సారు గర్వంగా ఎదురొచ్చాడు. "చూశావా? ఆయన్ని నేను తీసుకురాకపోతే నీకు ఉద్యోగం ఇచ్చేవాడెవడు?"

ఆమె చెయ్యి చాపి తాళాలు తీసుకుంది. అతన్ని, మూడు ఫోన్లతో సహా, వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేసింది. దారిలో రెండుచోట్ల ఆగి మనుషుల్ని అడిగి, తిన్నగా రంగుల ఫ్యాక్టరీ గేటు ముందు దింపింది.

కొత్త ఉద్యోగంలో ఆమె క్షేమంగా చేరవేసిన మొదటి పార్శిల్ అదే.