కంబళం తొక్కినవారి బీమా

ఒక మనిషి సొంత కాళ్ల మీద నిలబడిందని ప్రభుత్వం ఒప్పుకోవాలంటే, ఆమె వెనకాల ఇంకెవరి చేతులూ లేవని ముందు రుజువు కావాలి. ఈ మాట మా జిల్లా బీమా కార్యాలయం గోడ మీద రాసి లేదు గాని, లోపలికి వెళ్లొచ్చినవాళ్ల ముఖాల మీద రాసి ఉంటుంది. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. అయినా చదవగలిగాను.

మా అమ్మాయి ఐజిరెక్ ఉన్ని కంబళాలు చేసి అమ్ముతుంది. మగ్గం పని కాదు. ఉన్నిని రెల్లు చాప మీద పరిచి, మరిగే నీళ్లు పోసి, చాపను చుట్టి తాళ్లతో బిగించి, వీధి పొడవునా కాళ్లతో తన్నుకుంటూ దొర్లించాలి. ఒక్కతే దొర్లిస్తే అది కంబళం కాదు, నడుంనొప్పి. అందుకే కబురు పెడితే వీధిలో ఆడవాళ్లంతా వస్తారు. రేపు వాళ్లింట్లో కంబళం ఉంటే మనం వెళతాం. కూలి మాట ఎత్తితే తిట్టినట్టు.

ఈ ఏడు ఐజిరెక్ కడుపుతో ఉంది. అల్లుడు గొర్రెల మందతో పై కొండల్లో ఉన్నాడు. నాకు ఒకటే దిగులు (బిడ్డ అడ్డం తిరుగుతుందేమో, తిరక్కపోతే అంబులెన్సు వాగులో తిరగబడుతుందేమో). జిల్లా ఆసుపత్రిలో పురిటికి మంచం దొరకాలంటే బీమా కార్డు ఉండాలి. సొంత పని చేసుకునేవాళ్లకు కార్డు రావాలంటే, ఏడాది ఆదాయపు పన్ను పత్రంలోనే సామాజిక బీమా గడి నింపి, చందా కట్టాలి. అంతే. అంత తేలిక అనేసరికి నాకు భయం పట్టుకుంది.

గడి పక్కనే ఒక ప్రశ్న ఉంది: మీ పనిలో తోడ్పడినవారు ఎవరు?

"ఎవరూ లేరని రాసేస్తానమ్మా," అంది ఐజిరెక్.

"నోరు కడుక్కో. మన కంబళం ఒత్తీ ఒత్తీ సోనున్‌బూబూ ఎజేకు వచ్చిన మోచేతుల వాపు ఇంకా తగ్గలేదు. ఆవిడ పేరు రాయకపోతే రేపు నీ పురిటికి గడప తొక్కుతుందా?"

"ఇది పన్ను పత్రమమ్మా, పెళ్లి పిలుపు కాదు."

"కడుపుతో ఉండి అబద్ధం రాస్తావా? ఎవరో ఒకరు పోయి చెప్తారు. జైల్లో పెడతారు. అక్కడ స్నానానికి చన్నీళ్లేనట."

రాశాం, వీధికంతటికీ ఎజే, అంటే పెద్దక్క, అయిన సోనున్‌బూబూ పేరుతో మొదలుపెట్టి. చాప దొర్లించినవాళ్లనీ, నీళ్లు మోసినవాళ్లనీ, చివర్లో చేతులు చాచి దీవెన పలికిన చెవిటి ముసలమ్మనీ కలిపి పదకొండు పేర్లు. ఒక్కరిని వదిలేసినా తప్పే కదా.

వారం తిరక్కుండా ఫోనుకు సందేశం వచ్చింది: "మీరు స్వయం ఉపాధి కోవలోకి రారు. మీరు పదకొండుమందికి యజమాని. అభినందనలు." కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంది. ముందు ఉద్యోగులందరి చందా కట్టాలి, యజమాని చందా ఆ తర్వాతే తీసుకుంటారు. మంద అంతా దాటాకే కాపరి వాగు దాటాలన్నమాట. నియమం మంచిదే, కాపరికి నెలలు నిండకపోతే.

కార్యాలయంలో మమ్మల్ని కెరిమ్‌కులోవ్ గారి దగ్గరికి పంపారు. ఆయన 'ఒప్పుకోని ఉద్యోగాల గుర్తింపు ఉపవిభాగా'నికి సీనియర్ నిర్ధారకుడు (జూనియర్ నిర్ధారకుడు కూడా ఆయనే, మంగళవారాలు). మెత్తని మనిషి. అటువంటివాళ్లంటేనే నాకు ఎక్కువ భయం.

"వాళ్లు పనివాళ్లు కారు బాబూ, ఇరుగుపొరుగు," అన్నాను.

"జీతం ఇవ్వలేదా, అక్కా?"

"ఛ, ఛ."

"టీ?"

"టీ ఇవ్వకుండా పంపుతామా?"

"భోజనం?"

"గొర్రెను కోశాం."

ఆయన కలం మూత తీశాడు. "తోకదగ్గరి ముక్క ఎవరికి పెట్టారు?"

"సోనున్‌బూబూ ఎజేకి. అందరికన్నా పెద్దది ఆవిడే."

"పక్కటెముకలు?"

"చిన్న కోడళ్లకి."

"అంటే వయసును బట్టి, అనుభవాన్ని బట్టి ముక్క మారుతుంది," అన్నాడాయన, రాసుకుంటూ. "చాలా పద్ధతిగా ఉంది అక్కా మీ జీతాల వరస. మా ఆఫీసులో కూడా ఇంత పద్ధతి లేదు."

"అయ్యా, అది మర్యాద," అంది ఐజిరెక్, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"మర్యాదకు మా దగ్గర గడి లేదు చెల్లీ. మరి వాళ్లిళ్లలో కంబళం చేస్తే మీరు వెళతారా?"

"వెళ్లకపోతే మనుషులమా?" అన్నాను నేను.

అనకుండా ఉండాల్సింది. ఆ మధ్యాహ్నానికల్లా మా వీధిలో ప్రతి ఇల్లూ ఒక సంస్థ అయింది. ప్రతి ఆడమనిషీ మిగతా అందరికీ యజమానీ అయింది, నౌకరూ అయింది. జిల్లాలో నిరుద్యోగం భోజనాల వేళకు ముందే తుడిచిపెట్టుకు పోయింది (కెరిమ్‌కులోవ్ గారికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చిందట).

తర్వాత ఆయన తనిఖీకి స్వయంగా వచ్చాడు. ఆ రోజు వీధిలో ఐజిరెక్ ఆఖరి కంబళం దొర్లుతోంది. గడపలోకి వచ్చినవాడు రొట్టె తుంచకుండా వెళ్లకూడదు. తుంచాడు. దొర్లే చాప ఎదురొస్తే దాటి పోకూడదు, ఒక తన్నైనా తన్నాలి.

"బూట్లు విప్పు నాయనా, ఉన్ని పాడవుతుంది," అంది సోనున్‌బూబూ ఎజే. "అట్లా కాదు, మడమతో. మీ అమ్మ నీకేం నేర్పలేదా? కుర్చీకే పుట్టావా?"

విప్పాడు. వీధి చివరిదాకా తన్నుకుంటూ పోయాడు. వచ్చి చెమట తుడుచుకుని, టీ తాగి, తన పేరు తానే పన్నెండో ఉద్యోగిగా రాసుకున్నాడు. నిజాయితీపరుడు. అటువంటి మనిషికి లంచం ఇవ్వడం కూడా కుదరదు.

ఆ కంబళం అమ్మి పన్నెండుమందికి చందా కట్టాం. ఆఖర్న యజమాని గడి నొక్కేసరికి, ఈ ఏటికి గడువు ముగిసిందనీ, వచ్చే ఏడు మొదటి వరసలో ఉంటామనీ వచ్చింది. కార్డులు మాత్రం చెప్పిన రోజుకే అందాయి. అరవై దాటిన ముత్తయిదువలకూ, చెవిటి ముసలమ్మకూ, కెరిమ్‌కులోవ్ గారికీ సకల సదుపాయాలతో పురుడు ఉచితం. మా ఇంట్లో కడుపుతో ఉన్నది మాత్రం యజమాని.

నొప్పులు మొదలైన పొద్దున నేను గోడ పట్టుకుని ఏడుస్తున్నాను. సోనున్‌బూబూ ఎజే తన కార్డు రొమ్ములో దోపుకుని వచ్చింది.

"ఏడుపు ఆపి కారు పిలువు," అంది. "నేను చేరతాను. అది నాకు సహాయంగా వస్తుంది. రోగికి ఒక సహాయకురాలిని రానిస్తారుగా."

"ఒప్పుకోరు ఎజే."

"కార్డు నాది, మంచం నాది. అది పక్కన కూచుని ఏం చేసుకుంటే వాళ్లకేం?"

ఆసుపత్రి కిటికీలో అమ్మాయి కార్డు చూసింది, కంప్యూటరు తెర చూసింది. మనిషిని చూడలేదు.

"ఎన్నో నెల?"

"డెబ్బై మూడో ఏడు."

"నొప్పులున్నాయా?"

"ఉన్నాయి. మోకాళ్లలో."

చేర్చుకున్నారు. సోనున్‌బూబూ ఎజేకు తెల్లదుప్పటి మంచం ఇచ్చారు, ఐజిరెక్‌కు బల్ల ఇచ్చారు. తలుపు మూయగానే ఎజే దిగి బల్ల మీద కూచుంది, ఐజిరెక్ మంచమెక్కింది. డాక్టరమ్మ మంచిది. మంచం మీద ఎవరున్నారో కాగితంతో సరిచూసే తీరిక ఆవిడకు లేదు. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ అడ్డం తిరగలేదు, వాగులో ఏదీ పడలేదు. ఇంత సవ్యంగా జరిగిందేమిటా అని గది బయట నేను దిగులుపడుతూనే ఉన్నాను.

సాయంత్రం పెద్ద నర్సు కాగితాలు పట్టుకుని వచ్చింది. సహాయకులు చంటిపిల్లలతో వార్డులో ఉండటానికి వీల్లేదని, బిడ్డను చుట్టి ఐజిరెక్ చేతిలో పెట్టి, మమ్మల్ని వెంటనే ఇంటికి వెళ్లమంది. సోనున్‌బూబూ ఎజేని మాత్రం పంపలేదు. ఇంకో మూడు రోజులు మంచం దిగకూడదన్నారు. ప్రసవమైన మనిషిని అంత తొందరగా పంపడానికి వాళ్లకు మనసొప్పలేదు.