సైదులు సారు భూకంపం డబ్బా

గురువారానికి సైదులు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. ఆరింటికి లేవాలి, తలంటుకోవాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదకొండింటికి వచ్చే ఉదయలక్ష్మి మేడంను కుర్చీలో కూర్చోబెట్టి తన సిద్ధాంతాలు మూడూ వరసగా చెప్పాలి. ఆమె భూకంపాలను పరిశీలించే ఒక సంస్థలో శాస్త్రవేత్త. ఆర్నెల్ల కిందట దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆయన ఇంటికి వచ్చి, మెట్ల కింది గదిలో నేల కదలికలను పట్టే చిన్న డబ్బా ఒకటి బిగించి వెళ్లింది.

ఆ డబ్బా వచ్చాకే సైదులుకు మళ్లీ ప్రాణం లేచొచ్చింది. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో మెకానిక్‌గా చేసిన మనిషి. రిటైరయ్యాక సొంతింట్లో ఫ్యాను చప్పుడు చేసినా ఆయన్ని అడక్కుండా బయటివాణ్ణి పిలిచారు. అటువంటిది ఇప్పుడు గల్లీ గల్లీ అంతా ఆయన్ని "భూకంపం సారు" అంటోంది. ఎక్కడో భూమి కదిలిందని టీవీలో వస్తే చాలు, చాయ్ హోటల్లో అందరూ ఆయన మొహమే చూస్తున్నారు.

అంతా బాగుందనుకుంటుండగా వారం కిందట మేడం ఫోన్ చేసింది.

"సైదులు గారూ, మూడు నెలలుగా రోజు విడిచి రోజు పొద్దున్న ఆరూ ఇరవైకి ఏదో రొద మొదలవుతోందండి. నలభై నిమిషాలు ఆగదు. అసలు కదలికలు అందులో మునిగిపోతున్నాయి. గురువారం వచ్చి చూస్తాను. కారణం దొరక్కపోతే డబ్బాని అబ్దుల్లాపూర్‌మెట్ బడికి మార్చేస్తామండి."

ఆ రోజు సైదులుకు అన్నం సయించలేదు. ఇక కంకణం కట్టుకున్నాడు. మొదటి సిద్ధాంతం మెట్రో. పొద్దున నడకను అటు మళ్లించి, చైతన్యపురి స్టేషన్ కింద నిలబడి రైళ్లు లెక్కపెట్టాడు. రైళ్లు రోజూ వస్తున్నాయి, రొద మాత్రం రోజు విడిచి రోజే. 'ఒకరోజు నిండుగా, ఒకరోజు ఖాళీగా పోతాయేమో' అని సర్దిచెప్పుకున్నాడు. రెండోది ఎదురింటి ధనరాజ్ లిఫ్టు. మూడోది కిష్టమ్మ పిండి గిర్ని. గిర్ని తెరిచేది తొమ్మిదింటికే, నిజమే. కానీ పొద్దున్నే తలుపేసుకుని మిరపకాయలు పట్టడం లేదని నమ్మకమేమిటి?

కొలతలు లేని శాస్త్రం శాస్త్రమే కాదు గదా! బుధవారం సాయంత్రం, భార్య అండాలమ్మ భజనకు పోయిన సమయం చూసి, డబ్బా నుంచి అనుమానమున్న ప్రతి గోడ దాకా టేపు పట్టాడు. డిపోలో చెడిపోయిన భాగం మీద ఎర్ర సుద్దతో గుర్తు పెట్టేవాడు, తర్వాతి షిఫ్టువాడు మరిచిపోకుండా. ఆ చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ధనరాజ్ గోడ మీద '9 మీ.', కిష్టమ్మ గిర్ని మీద '14 మీ.' అని రాసి, పక్కన బాణం గుర్తులు కూడా గీశాడు. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

గోడ మీద ఎర్ర అంకె, పక్కన బాణం! సిటీలో సొంతిల్లు ఉన్నవాడికి దాని అర్థం విడమరిచి చెప్పాలా? రోడ్డు వెడల్పు చేస్తారు, అంత మేరకు ఇల్లు కూలుస్తారు.

గురువారం ఆరు దాటిందో లేదో కిష్టమ్మ గొంతు గల్లీని లేపింది. "ఓ ధనరాజన్నా! లే, లే! కొంపలు మునిగినయ్! సప్పుడు గాకుండ రోడ్డు కొలుసుకపోయిండ్రు! నాది పద్నాలుగు మీటర్లట! నా గిర్ని ఉన్నదే పది మీటర్లు, ఇంక నాలుగు యాడికెల్లి ఇయ్యాలె?"

ధనరాజ్ లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చి తన గోడను చూసి కూలబడ్డాడు. "మా తాతల భూములల్ల నాకు మిగిలింది గీ ఒక్క బిల్డింగే గదనే!"

సైదులు తలకు నూనెతోనే బయటికొచ్చాడు. విషయం అర్థమై చేతులూపుతూ పరుగెత్తాడు. "అరె, ఆగుండ్రి! అది రాసింది నేనే!"

ధనరాజ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా పరేషాన్ జూడలేక నీ మీదేసుకుంటున్నవా అన్నా? నువ్వు దేవునివి."

"కాదు ధనరాజ్, నీ లిఫ్టు రొద..."

"బిల్డింగే పోతుంటే లిఫ్టు ముచ్చటెందుకన్నా!"

ఇంతలో కిష్టమ్మ చూపు సైదులు గోడ మీద పడింది. "గదేంది, నీ గోడ మీద ఏం రాయలే? ఎవర్ని పట్టుకున్నవన్నా?"

"మాది సున్నా మీటర్లు కిష్టమ్మా! డబ్బా మా ఇంట్లనే ఉన్నది గద!"

"విన్నరా? సున్నా చేయించుకున్నడట!"

దేవుడు కాస్తా క్షణంలో ద్రోహి అయిపోయాడు. రోడ్డు మీదికి జరిపి కట్టిన మెట్లు ముందే తీసేస్తే ఆఫీసర్లు కాస్త దయ తలుస్తారని ధనరాజ్‌కు తట్టింది. ఎల్బీనగర్‌లో తను కాంట్రాక్టు మీద కట్టిస్తున్న ఇంటి దగ్గర్నుంచి కాంక్రీటు పగలగొట్టే మిషన్ తెప్పించాడు. పదింటికల్లా గల్లీ గడగడలాడింది. సైదులు చేతులు జోడించి అడ్డం పడ్డాడు. "జర ఆగు ధనరాజ్, నీ కాల్మొక్త! పదకొండింటికి మేడం ఒస్తది!"

"మేడమా? ఇయ్యాలనే ఒస్తదా?" ధనరాజ్ అదిరిపడ్డాడు. "అరేయ్, ఇంకో మిషన్ తెప్పియ్యుండ్రి!"

పదకొండింటికి ఉదయలక్ష్మి కారు దిగీ దిగకముందే కిష్టమ్మ కుర్చీ వేసింది, సోడా తెచ్చింది. "మేడం, పద్నాలుగుల ఒకటి తుడిపేయుండ్రి. నాలుగంటే ఎట్లనో ఇస్త."

"మీరు నన్నెవరనుకుంటున్నారో గానీ, నేను భూకంపాల ఆఫీసు నుంచి వచ్చానండి."

"మాక్కూడ గదే వచ్చింది మేడం," అన్నాడు ధనరాజ్.

ఆమె ఎలాగో తప్పించుకుని మెట్ల కింది గదిలోకి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచింది. పది గంటల నుంచి గీతల మీద గీతలు పడి తెర నల్లబారిపోయింది. అది చూసి సైదులు డబ్బా పక్కన చతికిలబడ్డాడు. చెప్పాలనుకున్న సిద్ధాంతాలు మూడూ పక్కన పెట్టేశాడు.

"తీస్కపోకుండ్రి మేడం. ఇది పోతే నన్ను మల్ల ఎవ్వరు ఏమడుగరు."

ఆమె వింటున్నట్టు లేదు. పొద్దుటి గీతను వెనక్కి జరిపి చూస్తోంది. "ఇప్పటిది సరేనండి, బయట మిషన్లు కనబడుతూనే ఉన్నాయి. ఇది చూడండి! ఇవాళ రొద రావలసిన రోజే. కానీ ఆరూ ఇరవై నుంచి ఏడు దాకా గీత ఎంత నున్నగా ఉందో! మూడు నెలల్లో ఇదే మొదటిసారి. పొద్దున ఏం ఆపించారండి?"

సైదులు ఛాతీ రెండంగుళాలు పొంగింది. "అది మేడం, మెట్రో..."

"ఆయనేం ఆపలే మేడం," అంది గుమ్మంలోంచి అండాలమ్మ. "నేనే ఇప్పిన. మోటరు."

"ఏ మోటరే?"

"నీళ్ల మోటరు. గీ గోడ ఎనకనే నల్లా పైపుకు పెట్టిచ్చిన. రోజిడిచి రోజు నల్లా ఒచ్చేటాలకు నువ్వు నడువబోతవు, నేను మోటరేస్త. రోడ్డు కొలిచేటోళ్లు గది సూస్తే జుర్మానా ఏస్తరని, పొద్దున నువ్వు తానం జేస్తుంటే నీ పానాతోనే ఊడవీకి బియ్యం డ్రమ్ముల దాసిన."

మోటారుతో నల్లా నీళ్లు గుంజడం దొంగతనమని చాయ్ హోటల్లో గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చినవాడు ఆయనే. ఈ మధ్య పైకి నీళ్లు దండిగా ఎక్కుతున్నాయని మెచ్చుకున్నదీ ఆయనే.

"నాకొక్క మాట జెప్పొద్దా?"

"జెప్తే నాకు గుడ ఉపన్యాసమిస్తవ్. ఉపన్యాసంతోని రెండో అంతస్తుకు నీళ్లెక్కయి గద!"

కిటికీలోంచి ధనరాజ్ తల దూర్చాడు, ఒళ్లంతా సిమెంటు దుమ్ము. "అంటే మేడం, మీరు నిజంగ భూకంపాలోళ్లేనా? రోడ్డు వెడల్పు లేనే లేదా? మరి నా మెట్లు?"

"ఏ మెట్లండి?" అంది ఉదయలక్ష్మి.

సైదులు ధనరాజ్ వైపు చూసే ధైర్యం చేయలేదు. మోటారు మళ్లీ పెట్టకపోతే డబ్బా ఇక్కడే ఉంటుందని మేడం అనగానే, అక్కడికక్కడే మాటిచ్చేశాడు. "మరి పైకి నీళ్లెవరు మోస్తరు?" అని అండాలమ్మ అడిగితే, "నేను మోస్త" అని కూడా అనేశాడు.

రెండు వారాల తర్వాత ఒక పొద్దున ఫోన్ మోగింది. సైదులు రెండు చేతుల్లో రెండు బకెట్లతో ఆయాసపడుతూ మెట్ల మధ్యలో ఉన్నాడు. అండాలమ్మ ఎత్తింది.

"పాత రొద పూర్తిగా పోయిందండి," అంది ఉదయలక్ష్మి. "కానీ అదే టైముకి కొత్తదొకటి మొదలైంది. ధబ్, ధబ్ అని, ఎవరో బరువుతో మెట్లెక్కుతున్నట్టు. ఏమై ఉంటుందంటారు?"

"ఫికర్ జెయ్యకుండ్రి మేడం," అంది అండాలమ్మ. "రేపటి సంది చెప్పులిడిసి ఎక్కమంట."