వెంట్రుకవాసి తేడా

ఆ రోజు పొద్దున్న పళ్ళమేస్త్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, కాఫీ తాగాలి, తండ్రికి కొత్త పళ్ళసెట్టు ఇచ్చి ఆయన చేత ‘బావుంది’ అనిపించుకోవాలి, రెండో సెట్టు పళ్ళ డాక్టరమ్మకి అప్పగించి ఇంటికొచ్చేయాలి. వీటిలో ఒక్కటి మినహా తక్కినవన్నీ మనుషులకి సాధ్యమయ్యే పనులే.

వీధిలో అందరూ తండ్రిని పెద్దమేస్త్రీ అనేవాళ్ళు. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యేదాకా వడ్రంగం చేశాడు. తలుపుకీ గుమ్మానికీ మధ్య దారప్పోగు దూరినా ఆయనకి నిద్ర పట్టేది కాదు. ఆ చూపు కర్ర దగ్గర ఆగిపోతే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. కొడుకు చేతిరాత, కొడుకు క్రాఫు, కొడుకు కట్టించిన పెరటిగది, ఆఖరికి కొడుకు పెళ్ళిఫొటో, దేన్నయినా ఒక కన్ను మూసి చూసి, "వెంట్రుకవాసి తేడా ఉందిరా" అని తీర్పు చెప్పేవాడు. ఆ తేడా ఎక్కడుందో మాత్రం చెప్పేవాడు కాదు. వెతుక్కోవడం కొడుకు పని.

ఆ కొడుకు ఉలి పట్టకుండా కట్టుడు పళ్ళ పనిలో చేరాడు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే పెరటిగదిలో కూర్చుని మైనం పోసి, పళ్ళు పేర్చి, అరగదీసి, నునుపు పట్టి ఇస్తాడు. పనిమంతుడని పేరుంది. "కర్రలో పనికిరానివాడు పళ్ళలో పడ్డాడు" అని తండ్రి దాన్ని కూడా ఒక్క ముక్కలో తేల్చేశాడు. పళ్ళమేస్త్రీకి ఇప్పుడు సొంత జుట్టు సగం పోయింది, ఉన్న సగం నెరిసింది. అయినా తండ్రి నోటి నుంచి ఒక్క ‘బావుంది’ వినాలన్న కోరిక మాత్రం బడికెళ్ళే రోజుల్లో ఎలా ఉండేదో అలాగే ఉంది. ఎవరితోనూ అనలేదు. భార్యకి తెలుసు, ఎందుకంటే భార్యలకి చెప్పకపోయినా తెలుస్తాయి.

నెల కిందట పెద్దమేస్త్రీ పాత సెట్టు విరిగింది. కొత్తది చేసే పని ఇంట్లోనే ఉన్న మనిషికి పడింది. ప్రాణం పెట్టి చేశాడంటే మాట వరసకి అనడం కాదు. పెద్దమేస్త్రీ పని చేసినంతకాలం మేకులు ముందరి పళ్ళ మధ్య పట్టుకునేవాడు. సొంత పళ్ళున్న రోజుల్లో ఒక పంటికి చిన్న గంటు పడి ఉండేది. ఆ గంటు గురించి ఏ డాక్టరూ చెప్పలేదు, ఏ అచ్చులోనూ లేదు. కొడుకే గుర్తుపెట్టుకుని కొత్త సెట్టులో సన్నటి రాయితో అరగదీసి పెట్టాడు. అది చూస్తే ఆ మనిషి కరగక ఏమవుతాడు అనుకున్నాడు.

రెండో సెట్టు నవ్వులమ్మది. ఆవిడ ఆఫీసులకీ కాలేజీలకీ వెళ్ళి, రోజువారీ బతుకులో ఆనందం ఎలా వెతుక్కోవాలో ఉపన్యాసాలిస్తుంది. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆ రోజు పెద్దాసుపత్రి సిబ్బందికి ఉపన్యాసం ఉంది. పళ్ళు లేకుండా ఆనందం గురించి మాట్లాడితే ఎవరు నమ్ముతారని పళ్ళ డాక్టరమ్మని తొందరపెట్టి చంపింది.

రెండు సెట్లూ ఆరిపోకుండా నీళ్ళు పోసిన మూతల డబ్బాల్లో ఉన్నాయి. రెండూ ఒకేలాంటివి. వంటింటికీ పెరటిగదికీ మధ్యనున్న కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టాడు. అవతల వంటింట్లో భార్య గిన్నెలు సర్దుతోంది.

"ఎడంపక్క డబ్బా నాన్న బల్ల మీద పెట్టు. నేను స్నానానికెళ్తున్నా" అన్నాడు.

ఇక్కడ వాళ్ళ వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. పళ్ళ పనిలో కుడి ఎడమలు పనివాడివి కావు, ఎదుటి నోటివి. కుడి పన్ను అంటే ఎదురుగా కూర్చున్నవాడి కుడి. ఈ అలవాటు పళ్ళమేస్త్రీకి ఎంత ముదిరిందంటే, భోజనాల దగ్గర కూడా "ఎడంపక్క గ్లాసు" అంటే భార్య ఎడమే. కాపురానికొచ్చిన కొత్తలో ఆవిడ నానా అవస్థా పడి, చివరికి నేర్చుకుంది. ఆ పొద్దున మాత్రం అతను వృత్తి మరిచిపోయాడు. తండ్రి గురించి ఆలోచిస్తున్నాడు కాబట్టి తన ఎడమ చూసి ఎడమ అన్నాడు. భార్య ఎప్పటిలాగే తన ఎడమ చెయ్యి చాచి, అక్కడున్న డబ్బా తీసుకుంది.

పళ్ళమేస్త్రీ తల తుడుచుకుని వచ్చేసరికి తండ్రి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు రొట్టెముక్క, కాఫీ. సెట్టు నోట్లో ఉన్నట్టు బుగ్గలు చెబుతున్నాయి. నిజానికి పళ్ళమేస్త్రీ బస్సులో ఎదుటి సీటువాడు ఆవులిస్తే చాలు, ఆ సెట్టు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెప్పగలడు. కానీ తండ్రి మొహంలోకి సూటిగా చూసి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఎప్పుడో పోయింది. చెప్పుల పట్టీ బిగించుకుంటూ, నేలకేసి చూస్తూ అడిగాడు.

"ఎలా ఉంది నాన్నా?"

అతను రెండో చెప్పు పట్టీ కూడా బిగించేశాడు.

"బావుంది" అన్నాడు తండ్రి.

తల ఎత్తితే ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని భయమేసి, పళ్ళమేస్త్రీ అలాగే వంగి గడప దాటాడు. కిటికీ గట్టు మీద మిగిలిన డబ్బా సంచీలో వేసుకుని, మూత తీసి చూసుకోకుండా స్కూటరెక్కాడు. మూత తీసి చూడకుండా సరుకు అప్పగించడం ఆ పనిలో ఎంత తప్పో అతనికి తెలుసు. కానీ ఆ పూట సంతోషంగా ఉన్నాడు. సంతోషం అతనికి అలవాటు లేదు.

డబ్బా అప్పగించి రెండు వీధులు దాటాడో లేదో ఫోను మోగింది.

"ఎవరి సెట్టండీ ఇది?" అంది పళ్ళ డాక్టరమ్మ. "ఆవిడ నోట్లో పెడితే పెదాలు కలవట్లేదు. పైగా దీనికి గంటొకటి. ఆవిడ ఏడుస్తూ డబ్బా పట్టుకుని ఉపన్యాసానికి వెళ్ళిపోయింది. నా పరువేం కాను?"

గంటు అనగానే పళ్ళమేస్త్రీకి మొత్తం అర్థమైంది. ఇంటికి ఫోన్ చేశాడు.

"నాన్న నోట్లోవి తీయించు. అవి నవ్వులమ్మవి."

"మామయ్యగారు క్షౌరశాలకి వెళ్ళారు" అంది భార్య. "అద్దంలో చూసుకుని మరీ వెళ్ళారు. ఏమండీ, మీరు ఎడమ అన్నారు కదా?"

కుడి ఎడమల పంచాయితీ తర్వాత చూసుకోవచ్చని అతను స్కూటరు తిప్పాడు. దారిలో ఒక సంగతి తట్టింది. ఆ చిన్న సెట్టు తండ్రి నోట్లో ఒరుసుకుని నరకం చూపించాలి. దాన్ని పెట్టుకుని ఆయన బావుందన్నాడు. చొక్కా గుండీ వదులైతే వీధంతా వినపడేలా చెప్పే మనిషి, పళ్ళు కుదరకపోతే బావుందంటాడా? అంటే నోట్లో స్పర్శ పోయి ఉండాలి. ఏదో అయ్యే ఉండాలి. మామూలు ఆరోగ్యంతో ఉన్న తన తండ్రి ఆ మాట అనడు.

క్షౌరశాలలో క్షురకుడు లేడు. ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మీ నాన్నగారికి పక్షవాతం వచ్చిందండీ" అన్నాడాయన. "కూర్చుంటూనే 'మావాడు చేశాడు' అని చెప్పబోయారు. నోరు పక్కకి పోయింది, మాట తేలలేదు. ఇతను నన్నిలా వదిలేసి ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. మీరు ఎలాగూ అక్కడికే వెళ్తున్నారు కదా, ఇతన్ని త్వరగా పంపించండి. నాకు పదకొండింటికి పెళ్ళిచూపులు. నాకు కాదు, మా అమ్మాయికి."

పళ్ళమేస్త్రీ ఆ ‘మావాడు చేశాడు’ దగ్గరే ఆగిపోయాడు. తక్కినవి వినలేదు.

ఈలోగా క్షురకుడు పళ్ళమేస్త్రీ చెల్లెలికి ఫోన్ చేసి మాట తడబడుతోందని చెప్పాడు. చెల్లెలు మాట పడిపోయిందని బాబాయికి చెప్పింది. బాబాయి దాన్ని మరికాస్త ముందుకి తీసుకెళ్ళాడు. ఎర్రదీపం దగ్గర పళ్ళమేస్త్రీ ఫోనెత్తితే, "ఏరా, ఎన్నింటికి తీస్తున్నారు? నేనొచ్చేదాకా ఆగండి, మా అన్నయ్యని ఒక్కసారి చూడాలి" అని బాబాయి గొంతు. ఈ బాబాయి ఓ తలుపు విషయంలో అన్నతో మాట్లాడడం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో మంచం పక్కన చెల్లెలు, చేతిలో గడ్డం గీసే కత్తితో సహా క్షురకుడు ఉన్నారు. కుర్ర డాక్టరు మంచం మీదికి వంగి ఓపిగ్గా అడుగుతున్నాడు.

"తాతగారూ, ఒక్కసారి నవ్వండి. మొహం రెండు పక్కలా కదులుతుందో లేదో చూడాలి."

పెద్దమేస్త్రీ ఆయన్ని తేరిపార చూశాడు.

"ఆయన మామూలుగానే నవ్వరండీ" అంది చెల్లెలు ముక్కు చీదుతూ.

"ఎప్పట్నుంచి?"

"నేను పుట్టినప్పట్నుంచి."

డాక్టరు అది రాసుకోవాలా వద్దా అని కాస్త ఆలోచించాడు. "కట్టుడు పళ్ళు తీసి చూద్దామంటే తీయనివ్వట్లేదు" అన్నాడు.

"నేను తీయబోతే నా వేలు కొరకబోయారు బాబూ" అన్నాడు క్షురకుడు. "అవి ముట్టుకోనివ్వట్లేదు."

అప్పుడే పెద్దమేస్త్రీకి గుమ్మంలో కొడుకూ, వెనకే పరుగెత్తుకొచ్చిన కోడలూ కనిపించారు. ఏమనుకున్నాడో ఏమో, పెదాలు సాగదీసి నవ్వడానికి ప్రయత్నించాడు. నోరు ఎడమకి ఒరిగింది. ముత్యాల్లాంటి ఆడపళ్ళ వరస ఒకటి కిందికి జారి, నాలుక ఆసరాతో మళ్ళీ పైకెక్కింది.

చాలా ఏళ్ళ తర్వాత తండ్రి మొహంలోకి పళ్ళమేస్త్రీ సూటిగా చూశాడు. చూసి, గబగబా వచ్చి, రెండు వేళ్ళతో ఆ సెట్టు తీసేశాడు. ఆయన కొరకలేదు. చిగుళ్ళు రెండు పక్కలా చీరుకుపోయి, సెట్టు అంచున నెత్తురు ఉంది.

"పక్షవాతం కాదండీ. వేరేవాళ్ళ పళ్ళు" అన్నాడు డాక్టరుతో. డాక్టరు నోట్లోకి దీపం వేసి చూసి, చేతులెత్తించి, మళ్ళీ చూసి, ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయాడు. క్షురకుడికి సగం గడ్డం గుర్తొచ్చి పరుగెత్తాడు.

"ఇంత కోసుకుపోతుంటే చెప్పవేం నాన్నా?" అన్నాడు పళ్ళమేస్త్రీ. "ప్రతిదానికీ చెబుతావు కదా. దీనికి ఎందుకు చెప్పలేదు?"

పెద్దమేస్త్రీ బోసినోటితో నెమ్మదిగా అన్నాడు. "నీ పెళ్ళాం చెప్పింది. ఒక్కసారికి బావుందనండి మామయ్యా, సంతోషపడతాడూ అని."

భార్య కిటికీ వైపు తిరిగింది. పళ్ళమేస్త్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళుగా కోరుకున్న మాట దొరికింది. అడిగి తెచ్చిన మాట. అది కూడా వేరేవాళ్ళ పళ్ళకి.

తలుపు తోసుకుని నవ్వులమ్మ వచ్చింది. కొంగుతో నోరు కప్పుకుని ఉంది, ఇంకో చేతిలో డబ్బా. పళ్ళమేస్త్రీ దారిలోంచి ఫోన్ చేసి చెప్పిన కబురు పళ్ళ డాక్టరమ్మ ఆవిడకి చేరవేసినట్టుంది. ఎవరినీ పలకరించకుండా డబ్బా మంచం మీద పడేసి, తన సెట్టు లాక్కుని, పక్కనున్న కుళాయి దగ్గర అయిదుసార్లు కడిగి పెట్టుకుంది. అద్దంలో చూసుకుని ఒక నవ్వు నవ్వింది. నవ్వు సరిగ్గా కుదిరింది. ఆ నవ్వు తుడిచేసుకుని పళ్ళమేస్త్రీ వైపు తిరిగింది.

"మీలాంటి బాధ్యత లేని మనిషిని నా జన్మలో చూళ్ళేదు" అని పైకి వెళ్ళిపోయింది. కాసేపటికి పై అంతస్తులోంచి మైకులో ఆవిడ గొంతు వినిపించింది. పొరపాట్లు జరిగితే కలిసి నవ్వుకోవాలట, ఇంట్లోవాళ్ళ మొహాల్లోకి రోజుకోసారైనా చూడాలట. చప్పట్లు కొట్టారు.

పెద్దమేస్త్రీ మంచం మీద లేచి కూర్చుని డబ్బా మూత తీశాడు. సొంత సెట్టు తీసి, వణికే చేత్తో నోట్లో పెట్టుకున్నాడు. అది టక్కున కూర్చుంది. నాలుకతో ఈ చివర్నుంచి ఆ చివరికి తడుముకుంటూ వెళ్ళి, ముందరి పళ్ళ దగ్గర ఆగాడు. వేలితో గంటు తడిమాడు. పళ్ళమేస్త్రీ ఈసారి నేలకేసి చూడలేదు, తండ్రి మొహమే చూస్తూ నిలబడ్డాడు.

"గంటు పెట్టావు" అన్నాడు పెద్దమేస్త్రీ.

"నీ పళ్ళకి ఉండేది కదా నాన్నా. మేకులు పట్టుకునేవాడివి."

"ఉండేది. కుడి పంటికి. నువ్వు ఎడమ పంటికి కొట్టావు."

పళ్ళమేస్త్రీ మనసులో తండ్రికి ఎదురుగా నిలబడి చూసుకున్నాడు. నిజమే. చిన్నప్పుడు ఎదుట నిలబడి చూస్తే ఆ గంటు ఎడంపక్కన కనిపించేది. ఊరివాళ్ళందరి నోళ్ళకీ ఎదుటివాడి కుడి ఎడమలు చూసినవాడు, ఒక్క తండ్రి దగ్గర మాత్రం తన వైపు నుంచి చూశాడు.

"మార్చి తెస్తాను. ఎంతసేపూ పట్టదు" అన్నాడు.

"ఎందుకు?" అన్నాడు పెద్దమేస్త్రీ చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కుంటూ. "ఇన్నేళ్ళలో నా మొహం ఎవడు చూశాడు గనక?"

సెట్టు మాత్రం చక్కగా కుదిరింది. అన్న మాటలో ఒక్క అక్షరం తడబడలేదు.