తెల్లబంతి గ్యారంటీ

ఆ పొద్దున గ్యారంటీ గారి పథకం చాలా చిన్నది. పెరట్లోకి వెళ్లి ఒక తెల్లబంతి పువ్వు కోసి, తడిగుడ్డలో చుట్టి ఆఫీసుకు పట్టుకెళ్లి, ఎండీ గారి బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాత నిశ్చింతగా కాఫీ తాగాలి.

గ్యారంటీ అన్నది ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు, ఆఫీసువాళ్లు పెట్టింది. ఒక పూలవిత్తనాల కంపెనీలో ఆయన ఫిర్యాదుల సెక్షన్ చూస్తారు. ప్యాకెట్ మీద బొమ్మలో ఎర్రగా ఉన్న పువ్వు మా ఇంట్లో ఊదాగా పూసిందేమిటని ఎవరైనా రాస్తే, "మా విత్తనానికి జాతి గ్యారంటీ. లోపం మీ మట్టిలో ఉంది" అని జవాబు రాసి సంతకం పెట్టడం ఆయన పని. ఏదో జీతం కోసం రాసే మనిషి కాదు. మనసారా నమ్మి రాసేవారు. ప్యాకెట్ మీది బొమ్మంటే ఆయనకు అంత గురి.

ఆ ఏడాది కంపెనీ తెల్లబంతి విత్తనాలు బజారులోకి వదిలింది. విత్తనాలు ఎంత జోరుగా అమ్ముడుపోయాయో, అవి పసుపుగా పూశాయన్న ఫిర్యాదులూ అంత జోరుగా వచ్చిపడ్డాయి. ఎండీ గారికి విసుగెత్తింది. "ఒక్కరింట్లోనైనా తెల్లగా పూసిందా? పూస్తే చూపించండి. చూపించలేకపోతే ఈ సెక్షనే దండగ, ఎత్తేద్దాం" అన్నారు మీటింగులో. సెక్షన్ ఎత్తేస్తే అందులోని మనిషిని ఎక్కడ పెడతారో ఆయన చెప్పలేదు. గ్యారంటీ గారు గబుక్కున లేచి, "మా ఇంట్లో పూస్తున్నాయి సార్, రేపు పట్టుకొస్తాను" అనేశారు. పోయిన నెల పెరట్లోకి తొంగిచూసినప్పుడు భార్య ఆ విత్తనాలతో వేసిన మొక్కలకు మొగ్గలున్నాయి. మిగతాది విత్తనమే చూసుకుంటుందని ఆయన ధీమా.

తీరా పెరట్లోకి వెళ్తే మడి మడంతా పసుపు. తెలుపన్నది మందుకైనా లేదు.

"ఏమండీ, వీటిని తెలుపంటారా?" అంది నీళ్లు పోస్తున్న భార్య.

"ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. ముదిరితే తెల్లబడతాయి."

"ముదిరితే తెల్లబడేది జుట్టు."

"అయితే మన మట్టిలోనే ఏదో లోపం ఉండుంటుంది."

"ఆ ముక్క నాకు ముందే రాశారుగా!"

"నేనా? ఎప్పుడు?"

"మొదటి పువ్వు విచ్చుకోగానే మీ కంపెనీకి ఉత్తరం రాశాను, మా పుట్టింటి పేరుతో. 'మీ మట్టి మా విత్తనానికి తగదు' అని జవాబొచ్చింది. కింద మీ సంతకం. ఈ మట్టికి నేను ఏడాదంతా ఎంత చాకిరీ చేశానో మీకేం తెలుసు?"

గ్యారంటీ గారు నాలుగు బంతి ఆకులు తెంపుకుని బయటపడ్డారు. దారిలో పూలకొట్టు దగ్గర ఆగి, ఒక తెల్ల చామంతి కొని, దాని ఆకులు గిల్లేసి, బంతి ఆకులు చుట్టి, గ్లాసులో పెట్టి ఎండీ గారి ముందుంచారు. ఎండీ గారు లెక్కల మనిషే కానీ పూల మనిషి కాదు. అయినా ఆ పువ్వును చూసి నోరు తెరిచారు.

"నిజంగా పూసిందా!" అన్నారు. ఆ గొంతులో సంతోషం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. "అయితే సాయంత్రం నేనే మీ ఇంటికొస్తా. మడి మొత్తం ఫోటో తీస్తా. వచ్చే ఏడాది ప్యాకెట్ మీద మీ ఇంటి పూలే!"

గ్యారంటీ గారికి కాఫీ దిగలేదు. మెట్ల కింద నిలబడి ఇంటికి ఫోన్ చేశారు.

"మీ తమ్ముడు ఇంట్లో ఉన్నాడా?"

"ఉన్నాడు, టిఫిన్ చేస్తున్నాడు. ఏం?"

"వాడి చేతికివ్వు."

బావమరిది ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. పనుల్లేని రోజుల్లో అక్క ఇంట్లో ఉంటాడు. పనులున్న రోజుల్లోనూ భోజనం వేళకు వస్తాడు. సంగతంతా విని పకపకా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా బావా! ఇంత గోడకి వేసేవాణ్ని, ఇంత పువ్వుకి వేయలేనా? ఆయిల్ పెయింటైతే వాసన పట్టిస్తుంది. డిస్టెంపర్ కొడతా. రెండు కోటింగులు పడితే మల్లెపువ్వుల్లా ఉంటాయి."

మధ్యాహ్నం సెలవు పెట్టి గ్యారంటీ గారు ఇంటికి పరిగెత్తేసరికి పని పూర్తయింది. మడి తెల్లగా ధగధగలాడుతోంది. మడితోపాటు కుళాయి తెల్లబడింది. ఆరేసిన లుంగీ తెల్లబడింది. మొక్కల మధ్య నిద్రపోతున్న పక్కింటి నల్లపిల్లి ఎడమవైపు తెల్లబడింది. అది లేచి, ఒళ్లు విరుచుకుని, తన వంక తానే అనుమానంగా చూసుకుంది.

"పక్కింటావిడ అడిగితే ఏం చెప్పమంటారు?" అని భార్య తల పట్టుకుంది.

"మీ మట్టిలో లోపమని బావ రాసిస్తాడులే అక్కా" అన్నాడు బావమరిది, స్ప్రే గన్ కడుక్కుంటూ.

గ్యారంటీ గారికి నవ్వు రాలేదు. ఆయనకు వేరే పనేదీ చేతకాదు. ఇంత వయసొచ్చాక కొత్త ఉద్యోగం ఎవరిస్తారు? ఎండీ గారు దూరం నుంచి రెండు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతే చాలు, ఇక జన్మలో మీటింగులో నోరు తెరవనని ఒట్టు పెట్టుకున్నారు.

ఎండీ గారు కెమెరా మెడలో వేసుకుని అన్న మాట ప్రకారం దిగారు. మడిని అటు నుంచొకటి, ఇటు నుంచొకటి ఫోటో తీశారు. ఇంతలో పిల్లి ఆయన కాళ్ల మధ్య నుంచి దర్జాగా నడిచి వెళ్లింది.

"వింతగా ఉందే! ఇదేం జాతి?"

"సంకరజాతి సార్" అన్నారు గ్యారంటీ గారు, చెమట తుడుచుకుంటూ.

"జాతి నిలుస్తుందా?"

"వాన పడేదాకా నిలుస్తుంది" అని వెనక నుంచి బావమరిది గొణిగాడు. అక్క వాడి కాలు తొక్కింది.

ఎండీ గారికి ఉత్సాహం పెరిగింది. "దగ్గర నుంచి ఒకటి తీద్దాం. పువ్వు మీద నాలుగు నీటిచుక్కలుంటే ఫోటో అదిరిపోతుంది" అంటూ, ఎవరూ అడ్డుపడేలోపే, పక్కనున్న నీళ్లడబ్బా అందుకుని మడి మీద జల్లుమని కుమ్మరించారు.

ముందు ఒక పువ్వు కన్నీరు పెట్టుకుంది. దాన్ని చూసి పక్కది. చూస్తుండగానే తెలుపంతా ఆకుల మీదుగా పాలలా కారి మట్టిలో కలిసిపోయింది. పసుపుపచ్చని పూలు కడిగిన ముత్యాల్లా తలెత్తి నిలబడ్డాయి.

"సార్..." అంటూ గ్యారంటీ గారు ముందుకొచ్చారు. "తప్పు నాదే. పొద్దున తెచ్చింది చామంతి. ఉద్యోగం పోతుందని భయమేసింది. మీరేం చేసినా సరే."

ఎండీ గారు వేలికి అంటిన తెలుపును వాసన చూశారు. "డిస్టెంపరా?"

"అవునండీ" అన్నాడు బావమరిది.

"ఎన్ని కోటింగులు?"

"రెండండీ."

"అదీ సంగతి!" ఎండీ గారు అక్కడే బోర్లించి ఉన్న బకెట్ మీద కూలబడ్డారు. "మేం ప్యాకెట్ బొమ్మకి ఒక్క కోటింగే వేయించాం. దగ్గర నుంచి తీస్తే పసుపు తొంగిచూసింది. అందుకే బొమ్మలో పూలు అంత దూరంగా ఉంటాయి. పొద్దున మీ పువ్వు చూసి, మన విత్తనానికి నిజంగానే తెలుపొచ్చిందేమోనని ఒకటే ఆశపడ్డానయ్యా!"

ఉద్యోగం దక్కిందన్న సంగతి గ్యారంటీ గారికి అర్థమైంది. సంతోషించాల్సిన మాటే. కానీ ఆయనకు గుర్తొచ్చింది తను సంతకం పెట్టిన జవాబులు. ఎంతమంది తమ మట్టిని తిట్టుకుని ఉంటారో అనుకుంటే సిగ్గేసింది. తలెత్తి భార్య వంక చూడలేకపోయారు.

ఆవిడ మాత్రం ఆయన్ని చూడటం లేదు. కొంగు బిగించి ఎండీ గారి ముందు నిలబడింది.

"అయితే నా మట్టి బాగానే ఉందన్నమాట!"

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

"ఆ మాట కాగితం మీద రాసివ్వండి. ఇకమీదట ప్యాకెట్ మీద ఒక్క నిజమైనా అచ్చేయండి. లేకపోతే ఈ పిల్లిని చంకనేసుకుని నేరుగా మీ ఆఫీసుకొస్తా."

ఎండీ గారు పిల్లి వంక చూసి, అక్కడికక్కడే మాటిచ్చారు. మట్టి బాగుందన్న కాగితం కూడా రాసిచ్చారు. ఆవిడ దాన్ని వంటింటి గోడకు అతికించింది.

ఎండీ గారు మాట తప్పలేదు. ఫిర్యాదుల సెక్షన్ అలాగే ఉంది. బొమ్మల పని బావమరిదికి దక్కింది. కొత్త ప్యాకెట్ మీద తెల్లబంతిని చాలా దగ్గర నుంచి తీశారు. ఆవిడ అడిగిన ఆ ఒక్క నిజాన్ని కింద చిన్న అక్షరాల్లో అచ్చేశారు: "నీళ్లు మొక్క మొదట్లోనే పోయాలి. పువ్వుల మీద పోయరాదు."