ఉన్ని దుకాణానికి ఇ గ్రేడు

చలి వేస్తోందో లేదో మన ఒంటికి తెలుస్తుందనుకోవడం వట్టి భ్రమ. అది తెలియాల్సింది సర్టిఫికెట్‌కి!

నేను ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లోని ఒక చిన్న ఊళ్ళో, అల్లికల ఉన్ని అమ్మే దుకాణంలో పనిచేస్తాను. ఇక్కడ దుకాణమో ఆఫీసో అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా ఆ భవనం ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే సర్టిఫికెట్ కావాలి. అన్నిటికన్నా మేలైన ఏ నుంచి అధమమైన జి దాకా గ్రేడ్లు. ఇ కంటే తగ్గితే అద్దెకివ్వకూడదు. ఎంత దయగల చట్టం!

ఇది రాకముందు మా ఊరివాళ్ళు ఎంత అజ్ఞానంలో బతికారో! వణుకు వస్తే స్వెటర్ వేసుకునేవారు, అంతే. ఇప్పుడు పబ్‌లో కూర్చుని "మాది డి" అంటున్నారు, కూతురు పరీక్ష పాసైనట్టు. చర్చికి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ వణికితే భక్తి కింద జమ.

దుకాణం నడిపే డోరీన్ హేగ్‌కి డెబ్బై ఒకటి. లీజు మార్చి నెలాఖరుకి అయిపోతుంది. మాకు వచ్చిన గ్రేడు ఎఫ్. అది పెరగకపోతే నలభై ఏళ్ళ దుకాణం మూతపడాల్సిందే.

డోరీన్ కుర్చీ వెనక ఒక కిటికీ. దాని సందులోంచి పదకొండు చలికాలాలుగా గాలి కొడుతోంది. బాగుచేయించమని భవనం యజమాని రేమండ్ సగ్డెన్‌ని ఆమె అడుగుతూనే ఉంది. ఇప్పుడు చట్టమే అడుగుతోంది కదా! ఇద్దరం సంబరపడ్డాం.

సగ్డెన్ గారు వచ్చారు. కిటికీ చూశారు. బల్బులు మార్చారు.

తక్కువ కరెంటు తాగే కొత్త బల్బులు. గ్రేడు కట్టే అతను వచ్చి తన సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ లెక్క వేస్తే ఇ వచ్చింది! కిటికీ సంగతి 'చేస్తే మంచిది' అనే జాబితాలో చేరింది. చేయకపోయినా తప్పు లేదు.

పాత బల్బులు బాగా వేడెక్కేవి. డోరీన్ వాటి కిందే చేతులు కాచుకుంటూ అల్లేది. ఆ సంగతి అడిగే గడి ఫారంలో లేదు లెండి. కాగితం మీద దుకాణం మెరుగైన రోజు నుంచి మా వేళ్ళు కొయ్యబారిపోయాయి. అయినా నష్టం లేదు. లోపలికొచ్చిన ప్రతివారూ చేతి తొడుగులు కొంటున్నారు!

లీజు మీద సంతకానికి సగ్డెన్ గారు వచ్చినప్పుడు డోరీన్ తన కుర్చీ చూపించింది.

"కూర్చో రేమండ్. కోటు తీసెయ్. లోపల కూడా వేసుకుంటే బయటికెళ్ళాక దాని సుఖం తెలీదు."

ఇక్కడ పెద్దవాళ్ళు ఆ మాట అన్నాక కోటు తీయనివాడు పుట్టలేదు. తీశారు.

"సంతకం పెట్టేస్తా, ఎక్కడో చూపించు."

"అదేం కుదరదు. ముప్పై పేజీలూ చదివి పెట్టు. తొందరపెట్టానని రేపు నన్ననకూడదు."

నాలుగో పేజీకి ఆయన భుజాలు చెవులదాకా వచ్చాయి.

"కిటికీ తెరిచుందా ఏంటి?"

"లేదు నాయనా, మూసే ఉంది."

"ఎప్పట్నుంచి ఇలా?"

"'పరిశీలిస్తాను' అని నువ్వు మొదటి ఉత్తరం రాశావు చూడు, అంతకు ముందు నుంచి."

గురువారం వడ్రంగి వచ్చాడు. అతని దగ్గర సాఫ్ట్‌వేర్ లేదు, ఫారం లేదు. కిటికీ సందు దగ్గర అరచెయ్యి పెట్టి "అమ్మో!" అన్నాడు.

ఇన్నాళ్ళుగా వచ్చి చూసిపోయినవాళ్ళలో అక్కడ చెయ్యి పెట్టింది అతనొక్కడే.